బూడిదకు వచ్చిన గిరాకీ

100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని బట్టీలో కాలిస్తే మిగిలేది 56 కిలోల సున్నమే. తక్కిన 44 కిలోలూ కార్బన్ డయాక్సైడ్‌గా మారి గాలిలో కలుస్తాయి. బొగ్గు మానేసి సౌరవిద్యుత్తుతో కాల్చినా ఈ లెక్క మారదు. ఆ వాయువు ఉన్నది రాయిలోనే మరి! ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో ఏడెనిమిది శాతం, ఈ రాయే ముడిసరుకైన సిమెంటు ఖాతాలో పడడానికి ఇదే పెద్ద కారణం.

జగ్గయ్యపేట ప్రాంతానికి ఆ రాయే ఆస్తి. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ శిల్పులు ఇక్కడి స్తూపానికి చెక్కిన పలకలు సున్నపురాయివే. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించి వాటిని లోకానికి చూపించాడు. ఇప్పుడు జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ, బూదవాడలో అల్ట్రాటెక్ సిమెంటు ఫ్యాక్టరీలను నిలబెడుతున్నదీ సున్నపురాయే.

ఉద్గారాలు తగ్గాలంటే ముందు సిమెంటులో క్లింకర్ తగ్గాలి. రాయిని 1450 డిగ్రీల వేడిలో కాల్చగా వచ్చే గుళికలే క్లింకర్. దాని బదులు ఏదో ఒకటి కలపాలి కదా, అది ఎక్కువగా పక్క పరిశ్రమ నుంచే వస్తుంది.

ఇక్కడికి ఆ సరుకు వచ్చే దారి 65వ నంబరు జాతీయ రహదారి. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో బొగ్గు మండగా మిగిలే మెత్తటి బూడిద బల్కర్ లారీల్లో నందిగామ మీదుగా సిమెంటు ఫ్యాక్టరీలకు చేరుతుంది. పీపీసీ రకం సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద కలపడానికి భారతీయ ప్రమాణాలు ఒప్పుకుంటాయి. ఒకప్పుడు ఆ బూడిదను నీళ్లతో చెరువుల్లోకి తోసి ఊరుకునేవారు. ఎండాకాలం గాలి లేస్తే చుట్టుపక్కల ఊళ్ల కళ్లలో పడేది. 1999లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషనుతో దాని వాడకం విద్యుత్ కేంద్రాల బాధ్యత అయింది, ఆ తర్వాత గిరాకీ పెరిగింది. ఎంతగా అంటే, కడప జిల్లాలోని ఆర్టీపీపీ థర్మల్ కేంద్రం బూడిదను ఎవరి లారీలు మోయాలన్న పంచాయితీ 2024 నవంబరులో ముఖ్యమంత్రి దాకా వెళ్లింది. పర్యావరణం మీద ప్రేమ ఒక్కటే ఉంటే పని ఇంత జోరుగా సాగేదా అన్నది అనుమానమే.

“బూడిద సిమెంటా?” అని ముఖం చిట్లించే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల అనుభవంలో కొంత నిజం ఉంది: పీపీసీ మొదటి రోజుల్లో నెమ్మదిగా గట్టిపడుతుంది. అందుకే మామూలు సిమెంటుకు 7 రోజుల క్యూరింగ్ చాలంటే, దీనికి కనీసం 10 రోజులు నీళ్లు పట్టాలి.

కృష్ణ వెంట ఎగువకు వెళితే వాడపల్లి దగ్గర విష్ణుపురం వస్తుంది. సంస్థలు చేతులు కలపడం అంటే ఏమిటో అక్కడి కథ ఇంకా బాగా చెబుతుంది. బట్టీ పొగ గొట్టంలోంచి వృథాగా పోయే వేడితో ఆవిరి పుట్టించి, టర్బైను తిప్పి, కరెంటు తీయొచ్చని జపాను ఫ్యాక్టరీలు అప్పటికే నిరూపించాయి. మన దగ్గర మాత్రం అంత డబ్బు ముందు పెట్టి ప్రయోగం చేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి జపాను ప్రభుత్వ సంస్థ నెడో ఆర్థిక సాయం, కవాసాకి యంత్రాలు, ఇండియా సిమెంట్స్ ఫ్యాక్టరీ ఒకచోట చేరాయి. 2004లో 7.7 మెగావాట్ల కేంద్రం మొదలైంది. ఒకరు ముందు చేసి చూపించాక తక్కినవాళ్ల లెక్కలు తేలికయ్యాయి. తర్వాతి కాలంలో జయంతిపురంలో రామ్‌కో ఇదే పద్ధతిలో పెట్టుకున్న సామర్థ్యం 27 మెగావాట్లు.

బట్టీలో చెత్తను మండించే విషయంలో పొత్తు ఇంత సాఫీగా కుదరదు. ఆర్‌డీఎఫ్ అంటే మున్సిపల్ చెత్తలోంచి తీసిన ఇంధనం. అది తయారయ్యే చోటికి 100 కిలోమీటర్ల లోపున్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దానితో భర్తీ చేయాలని 2016 నాటి చెత్త నిర్వహణ నియమాలు చెప్పాయి. విజయవాడ నుంచి జగ్గయ్యపేట 80 కిలోమీటర్ల లోపే. కానీ ఇళ్ల దగ్గర తడీ పొడీ కలిపేస్తే ఆ చెత్త సరిగా మండదు. పీవీసీ ముక్కలు ఎక్కువుంటే క్లోరిన్ వల్ల ప్రీహీటర్‌లో పెచ్చులు కట్టి బట్టీ ఆపాల్సి వస్తుంది. ఫ్యాక్టరీ ఎంత ఖర్చు పెట్టినా, వీధిలో చెత్త బండి దగ్గర జరగాల్సిన పని అది చేయలేదు.

బొగ్గు విద్యుత్తు తగ్గేకొద్దీ బూడిదా కరువవుతుంది. అందుకే ఎల్‌సీ3 అనే మిశ్రమం మీద స్విట్జర్లాండు, క్యూబా శాస్త్రవేత్తలతో కలిసి మన ఐఐటీలు పనిచేశాయి. 2023లో దానికి భారతీయ ప్రమాణం వచ్చింది. ఇందులో క్లింకర్ దాదాపు సగమే. మిగతాది కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి, కాస్త జిప్సం. గనుల్లో నాసిరకమని పక్కన పోసే రాయి కూడా దీనికి పనికొస్తుంది. కయోలిన్ ఉన్న మట్టిని మాత్రం బయటి నుంచి తెచ్చుకోవాలి. ద్వారకా తిరుమల వైపు పింగాణీ మట్టి గనులు ఉన్నాయి గానీ, అంత దూరం నుంచి మోస్తే టన్నుకు కిరాయి ఎంత పడుతుందన్నది ఫ్యాక్టరీలు తేల్చుకోవాల్సిన లెక్క.