ఆడితే కడుపు నిండుతదా?

ఇంట్లో మీరు రోజూ వినే ప్రశ్నే ఇది. 130 ఏళ్ల కింద ఇంగ్లండ్‌లోని గని కార్మికుడికీ ఇదే ఎదురైంది. 70 ఏళ్ల కింద హైదరాబాద్ పోలీస్ గ్రౌండ్ దీనికి ఒక జవాబు చెప్పింది. ఆ జవాబు ఈ రోజు సిద్దిపేట కుర్రాళ్లకు ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

తెల్లారి ఐదున్నర. కోమటిచెరువు కట్ట మీద వాకింగ్ వాళ్లు ఇంకా పలచగానే ఉన్నారు. గ్రౌండ్‌లో మాత్రం మీ బ్యాచ్ అప్పటికే నాలుగు రౌండ్లు కొట్టేసింది. చేతిలో ఫోన్, అందులో స్టాప్‌వాచ్. 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో అబ్బాయిలకు పెట్టిన ఈ లెక్క మీ అందరి నోటికీ వచ్చు. అదే గ్రౌండ్‌లో ఇంకో మూల వాలీబాల్ నెట్ కడుతున్న వాళ్లున్నారు, ఫుట్‌బాల్ తన్నుతున్న వాళ్లున్నారు. నిరుడు దాకా మీరూ ఆ మూలనే ఉండి ఉంటారు. డిగ్రీ ఫైనలియర్ వచ్చేసరికి ఇంట్లో ఒకటే మాట: ‘ఆటలు చాలు బిడ్డా. ఆడితే కడుపు నిండుతదా?’

అమ్మానాన్నల మీద కోపం వద్దు. వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. ఆ ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది.

పోయిన పూట కూలి

ఇంగ్లండ్‌లో రగ్బీ మొదట డబ్బున్న వాళ్ల ఆట. పెద్ద స్కూళ్లలో పుట్టింది. ఆట కోసమే ఆట, పైసా తీసుకోకూడదు అన్నది వాళ్ల నియమం. మెల్లగా ఉత్తరాన యార్క్‌షైర్, లాంకషైర్ ప్రాంతాలకు పాకింది. అక్కడ ఆడేది బొగ్గుగని కార్మికులు, మిల్లు కార్మికులు. శనివారం మ్యాచ్ ఉంటే ఆ పూట పనికి పోవడం కుదరదు. పని లేకపోతే కూలి లేదు. గెలిచి ఇంటికొస్తే పొయ్యి వెలగని పరిస్థితి.

అందుకే ఉత్తరాది క్లబ్బులు ఒక్కటే అడిగాయి. జీతం వద్దు, ఆట వల్ల పోయిన పూట కూలి మాత్రం ఇప్పించండి అన్నాయి. 1893లో లండన్‌లో కూర్చున్న రగ్బీ యూనియన్ పెద్దలు కుదరదన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో క్లబ్బులు సమావేశమై ‘నార్తర్న్ యూనియన్’ అని వేరు కుంపటి పెట్టుకున్నాయి. మొదట్లో చేరినవి 22 క్లబ్బులు. రోజుకు 6 షిల్లింగుల వరకు కూలి నష్టం ఇచ్చుకోవచ్చని రాసుకున్నాయి. ఇప్పుడు మనం రగ్బీ లీగ్ అంటున్న ఆట పుట్టింది అక్కడే.

మీకు పనికొచ్చే ముక్క ఇంకోటి ఉంది. 1898లో నార్తర్న్ యూనియన్ ఆటగాళ్లకు డబ్బులివ్వడానికి ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టింది: ఆటగాడికి తప్పనిసరిగా వేరే ఉద్యోగం ఉండాలి. ఆట ఒక్కదాన్నే నమ్ముకుని రోడ్డున పడొద్దన్నమాట. రగ్బీ యూనియన్ మాత్రం తన పాత పట్టు వదలలేదు. క్లబ్బులన్నిటినీ కలిపి లీగులుగా కట్టిందే 1987లో. డబ్బు తీసుకుని ఆడటానికి తలుపులు తెరిచింది 1995 ఆగస్టులో. అంటే విడిపోయిన సరిగ్గా నూరేళ్లకు! అక్కడ కింది స్థాయి లీగుల్లో ఇప్పటికీ వారమంతా పని చేసుకుని శనివారం ఆడేవాళ్లే ఎక్కువ.

హైదరాబాద్ చెప్పిన జవాబు

ఇదే చిక్కు హైదరాబాద్‌కూ వచ్చింది. ఇక్కడ ఆట ఫుట్‌బాల్. ఆడే పిల్లలు బస్తీల వాళ్లు, కంటోన్మెంట్ చుట్టుపక్కల వాళ్లు. ఆటకు డబ్బులిచ్చే క్లబ్బులు లేవు. అయినా దేశం మొత్తాన్ని వణికించిన టీమ్ ఇక్కడి నుంచే వచ్చింది. ఎలా?

జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, కొలువు. హైదరాబాద్ సిటీ పోలీస్ బాగా ఆడే కుర్రాడిని డిపార్ట్‌మెంట్‌లోకి తీసుకుంది. నెల జీతం వస్తుంది, పొద్దున సాయంత్రం ప్రాక్టీస్. కూలి పోతుందన్న భయం లేదు. పేరుకు అమెచ్యూరే, కానీ కడుపు నిండిన అమెచ్యూర్.

ఈ కుర్రాళ్లను తీర్చిదిద్దింది సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టిన ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. అందరికీ రహీం సాబ్. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు, 1963లో కన్నుమూసే దాకా ఆ బాధ్యత వదల్లేదు. ఒక కాలితోనే ఆడే అలవాటు పోవాలని బలహీనమైన కాలితో మాత్రమే ఆడాల్సిన పోటీలు పెట్టారు. పెద్ద గ్రౌండ్ దొరక్కపోతే చిన్న జాగాలో తక్కువ మందితో ఆడించారు.

ఫలితం చూడండి. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ సిటీ పోలీస్‌దే. డ్యూరాండ్ కప్‌ను 1950, 1954, 1957ల్లో గెలిచారు, 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మరోసారి. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58ల్లో హైదరాబాద్ వరుసగా ఎత్తుకొచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టు కోచ్ రహీం. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ అందరూ మన హైదరాబాదీలే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చేనాటికి రహీంను క్యాన్సర్ తినేస్తోంది. మరుసటి ఏడాది జూన్‌లో వెళ్లిపోయారు. అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ సినిమా ఆయన కథే. హైదరాబాద్ స్థానిక పోటీలకు ఆయన పేరే పెట్టుకున్నారు, రహీం లీగ్ అని.

ఆ లీగ్ పాత జట్లను చూస్తే మీకు విషయం అర్థమవుతుంది. పోలీసులు, రైల్వే, బ్యాంకు, సెంట్రల్ ఎక్సైజ్, మిలిటరీ యూనిట్లు. జట్ల పేర్లు చదువుతుంటే ఉద్యోగ నోటిఫికేషన్ చదివినట్టే ఉంటుంది. లీగ్‌లో గోల్ కొడితే కొలువు దగ్గరైనట్టే అన్న రోజులవి.

రూపాయి కిరాయి సైకిల్

తులసీదాస్ బలరామ్ కథ మీరు వినాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టారు. పేద కుటుంబం. బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీస్ బూట్లతో చెప్పులు కుట్టే ఆయన దగ్గర రెండు రూపాయలకు ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నారట. రహీం కంట్లో పడ్డారు. సెలక్షన్ క్యాంపుకు రమ్మంటే, అంత దూరం రోజూ ఎలా వచ్చేది అన్నారు. సైకిల్ కిరాయికి రోజుకో రూపాయి రహీం తన జేబులోంచి ఇచ్చారు. పెద్దయ్యాక బలరామ్ ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న మాట ఇది. ఆ సైకిల్ ప్రయాణం సంతోష్ ట్రోఫీ మీదుగా అదే ఏడాది మెల్‌బోర్న్ దాకా సాగింది.

ఒక్క రూపాయి. ఆ పూట అది దొరక్కపోతే బలరామ్ అనే పేరు అమ్ముగూడ దాటేది కాదేమో. ఆట మానేసే వాళ్లలో చాలామంది ఆట రాక మానేయరు. బస్సు చార్జీ దగ్గర, బూట్ల దగ్గర, ఒక పూట కూలి దగ్గర ఆగిపోతారు.

బలరామ్ 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్లకే పెద్ద ఆటకు దూరమయ్యారు. 1963లో ఆయన చేరింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టులో. 2023 ఫిబ్రవరిలో చనిపోయేదాకా బెంగాల్‌లోనే బతికారు. కాళ్లు సాయం చేయని రోజు ఎప్పుడైనా రావచ్చు, ఆ రోజుకు చేతిలో ఇంకేదైనా ఉండాలి అని ఆయన జీవితం చెబుతుంది.

దీనికి ఎదురుగా నిలిచిన మనిషి మహమ్మద్ హబీబ్. ఈయనా హైదరాబాదీయే. కలకత్తా మైదానంలో అందరూ బ్యాంకు కొలువో రైల్వే కొలువో చూసుకుంటుంటే, ఉద్యోగం వద్దు ఆటే నా పని అన్నారు. అందుకే ఆయన్ని దేశంలో తొలి అసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అంటారు. 1977లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మొనగాడు. హబీబ్ లాంటి వాళ్లు తరానికి ఒకరుంటారు. మీరు హబీబా, బలరామా అన్నది మీకే తెలియాలి. తెలియనప్పుడు ఒక కాలు నేల మీద ఉంచడమే మేలు.

ఎందుకు వాడిపోయింది?

మంచి ఆటగాళ్లు కలకత్తా బాట పట్టారు. ఊళ్లో పిల్లలు క్రికెట్ వైపు మళ్లారు. అన్నిటికంటే పెద్ద దెబ్బ, డిపార్ట్‌మెంట్లలో ఆటగాళ్ల నియామకాలు తగ్గిపోవడం. కొలువు ఆగితే లీగ్ ఊపిరి ఆగినట్టే. తర్వాత ప్రొఫెషనల్ క్లబ్ వచ్చింది. 2019లో మొదలైన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22 ఐఎస్‌ఎల్ టైటిల్ కూడా గెలిచింది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. పెట్టుబడి వస్తుంది, పోతుంది. ఊళ్లో ఉండేది ఊరి గ్రౌండ్, ఊరి లీగే.

మరి ఇప్పుడు మీ సంగతి?

ఆట ద్వారా కొలువు అన్న దారి సన్నబడింది కానీ మూసుకుపోలేదు. ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

ఒకటి, రిజర్వేషన్. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 74 ప్రకారం ప్రత్యక్ష నియామకాల్లో ప్రతిభ గల క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. కేంద్ర శాఖల్లో గ్రూప్-సి పోస్టుల్లో 5 శాతం వరకు క్రీడాకారులకు ఇవ్వొచ్చు. ఆదాయపు పన్ను శాఖ, రైల్వే, తపాలా శాఖ ఇలా విడిగా నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. 2020లో కేంద్రం తన జాబితాలో కొత్తగా చేర్చిన ఆటల్లో రగ్బీ, మల్లఖంబ్, తాడులాగుడు కూడా ఉన్నాయి. మీ ఆట ఏ జాబితాలో ఉందో ముందు చూసుకోండి.

రెండు, సర్టిఫికెట్. ఇంట్లో షోకేస్ నిండా కప్పులున్నా కోటాకు పనికి రావు. కావాల్సింది నిర్ణీత ఫారం. దేశం తరఫున ఆడితే ఫారం-1, జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడితే ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడితే ఫారం-3, జాతీయ పాఠశాల క్రీడల్లో ఆడితే ఫారం-4. సంతకం చేసేవాళ్లు కూడా వేర్వేరు: జాతీయ ఫెడరేషన్, రాష్ట్ర సంఘం, యూనివర్సిటీ క్రీడా విభాగం, విద్యాశాఖ. గుర్తింపు లేని సంఘం డబ్బులు కట్టించుకుని ఇచ్చే ‘నేషనల్’ సర్టిఫికెట్‌తో మోసపోకండి. పరిశీలనలో అది చెల్లదు.

మూడు, డిగ్రీ విద్యార్థికి దగ్గరి దారి ఫారం-3. సిద్దిపేట డిగ్రీ కాలేజీలు ఉస్మానియా పరిధిలోవి. అంటే ఇంటర్ కాలేజ్ పోటీల్లో రాణిస్తే ఉస్మానియా జట్టు, అక్కడి నుంచి అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. ఈ తలుపు మీరు విద్యార్థిగా ఉన్నన్నాళ్లే తెరిచి ఉంటుంది. ఫైనలియర్ అని ఆట మానేసేవాళ్లు సరిగ్గా ఇక్కడే పోగొట్టుకుంటున్నారు. రేపే మీ ఫిజికల్ డైరెక్టర్ సార్‌ను కలిసి, సెలక్షన్లు ఎప్పుడో అడగండి.

నాలుగు, ఆడటం ఒక్కటే కొలువు కాదు. రహీం సాబ్ కూడా పంతులేగా! డీపీఎడ్, బీపీఎడ్ చేస్తే పీఈటీ, ఫిజికల్ డైరెక్టర్ పోస్టులకు అర్హత వస్తుంది. 2024 డీఎస్సీలో 11,062 పోస్టుల్లో పీఈటీలవి 182. ఎక్కువేం కాదు, నిజమే. అందుకే కోచింగ్ సర్టిఫికెట్ కోర్సులు, రిఫరీ పరీక్షలు కూడా చూసుకోండి.

ఆశ పడటానికి కారణాలున్నాయి. హైదరాబాద్ లీగ్ క్రికెట్ నుంచి ఎదిగిన ఆటోడ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్, నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2024లో డీఎస్పీలయ్యారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల ఫుట్‌బాల్ జట్టుకు ఆడింది. కానీ వాళ్లను చూసి లెక్క వేసుకోకండి. శిఖరాన్ని కాదు, మెట్టును చూడండి. మీ తర్వాతి మెట్టు యూనివర్సిటీ జట్టు.

రేపు పొద్దున మళ్లీ ఆ ప్రశ్న వస్తుంది. ‘ఆడితే కడుపు నిండుతదా?’ మాట దాటేయకండి. ‘ఒక్క ఆటతోనే నిండదమ్మా. చదువు వదలను, కానిస్టేబుల్ ప్రిపరేషన్ వదలను. ఈ ఒక్క ఏడాది యూనివర్సిటీ సెలక్షన్లకు మాత్రం పోనీ’ అని లెక్క చెప్పండి. తేదీ చెప్పండి, ఫారం పేరు చెప్పండి. అప్పుడు ఆ సైకిల్ కిరాయి రూపాయి మీ ఇంట్లోంచే రావచ్చు.