ఇంటర్నెట్‌లో కొట్టు పెట్టాలంటే: సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం ఎలా?

ప్రతి ఏడూ ఈ సంచికలో సీనియర్లు పరీక్షల గురించి, ఇంటర్వ్యూల గురించి రాస్తుంటారు. ఈసారి నేను వ్యాపారం గురించి రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్ళల్లో ఏదో ఒక చేతిపని ఉంది. చెప్పులు కుట్టడం, బుట్టలు అల్లడం, నేత, పచ్చళ్ళు, టైలరింగ్. పని మనది, కొనేవాడి చిరునామా మాత్రం మధ్యవాడి దగ్గర ఉంటుంది. లాభం కూడా అక్కడే ఆగిపోతుంది.

మా నాన్న, బాబాయి తోలు చెప్పులు కుడతారు. పట్నం షాపువాళ్ళు మా దగ్గర కొన్న ధరకు దాదాపు రెట్టింపు ధర వేసి అమ్మేవారు. 2018లో నా డిగ్రీ పూర్తయ్యాక మనమే ఆన్‌లైన్‌లో అమ్ముదామని ఇంట్లో ఒప్పించాను. అమ్మ డ్వాక్రా గ్రూపులో రూ. 22,000 తీసుకుని ఇచ్చింది. తెలిసిన ఒకతను సైట్ తయారుచేసి పెట్టాడు. చూడడానికి బాగుంది, ఆర్డర్లు కూడా మొదలయ్యాయి. ఏడాది తిరిగేసరికి సైట్ తెరుచుకోవడం మానేసింది. విచారిస్తే తేలింది ఏమిటంటే, సైట్ పేరు అతని పేరు మీదే రిజిస్టర్ అయి ఉంది, పాస్‌వర్డ్‌లన్నీ అతని దగ్గరే ఉన్నాయి, అతను ఫోను ఎత్తడం లేదు. కస్టమర్ల జాబితా కూడా పోయింది. అప్పుడు నాన్న ఒకే మాట అన్నాడు: "ఒరేయ్, కొట్టు తాళంచెవి పరాయివాడి జేబులో పెట్టి వ్యాపారం చేస్తావంట్రా?"

మనకు హాస్టల్లో ట్రంకుపెట్టె, దానికో తాళం ఉండేవి. ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగినవాణ్ణి, అంత పెద్ద కొట్టు తాళంచెవి అడగడం మరిచిపోయాను. ఆ అప్పు తీర్చడానికి అమ్మకు ఏడాదిన్నర పట్టింది. మీలో ఎవరూ అలా పోగొట్టుకోకూడదని ఈ వ్యాసం.

అసలు సాఫ్ట్‌వేర్ అవసరమా?

ముందుగా ఈ ప్రశ్న వేసుకోండి. వారానికి ఐదారు ఆర్డర్లు వచ్చే దశలో సైట్ అక్కర్లేదు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో 2019 నుంచి కేటలాగ్ సదుపాయం ఉంది. ఫోటో, ధర పెట్టి లింకు పంపవచ్చు. డబ్బు యూపీఐలో తీసుకోవచ్చు. లెక్క నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. "ఏ సైజు అయిపోయింది, ఎవరికి పంపాం, ఎవరికి పంపలేదు" అని తికమక మొదలైనప్పుడే సాఫ్ట్‌వేర్ కావాలి. మాకు మూడు మోడళ్ళు, ఆరు సైజులు, రెండు రంగులు. అంటే 36 రకాల సరుకు. అది నోటుపుస్తకానికి లొంగలేదు.

మూడు దారులు

మొదటిది, పెద్ద సంతలో చోటు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటివి. జనం అక్కడే ఉంటారు కాబట్టి ప్రచారం ఖర్చు తక్కువ. కానీ నిబంధనలు వాళ్ళవి, కస్టమర్ కూడా వాళ్ళ కస్టమరే.

రెండవది, అద్దె కొట్టు. కెనడాలో 2006లో మొదలైన షాపిఫై ఈ రకం. నెలనెలా అద్దె కడితే సర్వర్, భద్రత, రిపేర్లు వాళ్ళే చూసుకుంటారు. కంప్యూటర్ పరిజ్ఞానం పెద్దగా అక్కర్లేదు. అద్దె ఆగితే కొట్టు మూతపడుతుంది.

మూడవది, సొంత కొట్టు. వూకామర్స్, ఓపెన్‌కార్ట్, ప్రెస్టాషాప్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు. వూకామర్స్ 2011లో వచ్చింది, వర్డ్‌ప్రెస్‌కు అనుబంధంగా పనిచేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉచితమే. అయితే హోస్టింగ్‌కు, సైట్ పేరుకు మనమే కట్టాలి. కొన్ని అదనపు సదుపాయాలకు కూడా డబ్బు అడుగుతారు. అప్‌డేట్లు, బ్యాకప్‌లు మన బాధ్యతే. ఉచితంగా గేదెను ఇచ్చినా గడ్డి మనమే వెయ్యాలి కదా!

జత చెప్పుల లెక్క

మాటలకంటే లెక్క మేలు. పన్ను పక్కన పెట్టి చూద్దాం. జత అమ్మే ధర రూ. 600. తోలు, అట్ట, కూలి కలిపి రూ. 380. ప్యాకింగు రూ. 30, కొరియర్ రూ. 80. కార్డు మీద కడితే పేమెంట్ గేట్‌వే ఫీజు 2 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి సుమారు రూ. 14. మిగిలేది రూ. 96.

అద్దె కొట్టుకు నెలకు రూ. 2,000 అనుకుంటే ఏడాదికి రూ. 24,000. అంటే 250 జతలు అమ్మితే అద్దె మాత్రమే వస్తుంది. సొంత కొట్టుకు హోస్టింగ్, పేరు కలిపి ఏడాదికి రూ. 5,000 అనుకుంటే 53 జతలు చాలు. పెద్ద సంతలో కమిషన్ 15 శాతం అనుకుంటే, గేట్‌వే ఫీజు లేకపోయినా జతకు మిగిలేది రూ. 20. అసలు రేట్లు మీరే కనుక్కుని మీ సరుకుకు ఈ లెక్క వేయండి. నెలకు వంద జతలు అమ్మేవాడికి అద్దె భారం కాదు, పది జతలు అమ్మేవాడికి మెడకు గుదిబండ.

ఇంకొక ఖర్చు కూడా లెక్కలో ఉండాలి. సైజు సరిపోక పార్శిల్ తిరిగివస్తే రానుపోను కొరియర్ రూ. 160, ప్యాకింగు రూ. 30. రెండు జతల లాభం పోయినట్టే. అందుకే మా సైట్‌లో పాదం కొలత సెంటీమీటర్లలో ఎలా తీసుకోవాలో బొమ్మతో పెట్టాం. సాఫ్ట్‌వేర్‌లో అలాంటి పట్టిక పెట్టుకునే వీలుందో లేదో చూసుకోండి.

ఎంచుకునేముందు అడగవలసినవి

1. సైట్ పేరు ఎవరి పేరు మీద ఉంది? మీ పేరు, మీ ఈమెయిల్, మీ ఫోను నంబరుతోనే రిజిస్టర్ చేయించండి. ఎవరు సైట్ తయారుచేసినా ఇది మాత్రం వదలవద్దు.

2. నా సరుకు, కస్టమర్లు, ఆర్డర్ల జాబితాను ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫైలుగా దించుకోవచ్చా? దించుకోలేని చోట చేరవద్దు.

3. యూపీఐ పనిచేస్తుందా? 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారి కట్టే ఎం.డి.ఆర్. సున్నా. అయినా గేట్‌వే తన సేవకు వేరే ఫీజు వేస్తుందేమో ముందే అడగండి.

4. కార్డు నంబర్లు ఎక్కడ ఉంటాయి? 2022 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం వ్యాపారులు వాటిని దాచుకోకూడదు. చెల్లింపు గేట్‌వే పేజీలోనే జరగాలి.

5. పన్ను రేటు నేనే మార్చుకోగలనా? 2025 సెప్టెంబరు 22 నుంచి జత రూ. 2,500 లోపు చెప్పులకు జీఎస్టీ 5 శాతం అయింది. ఆ రాత్రి మేమే కూర్చుని రేటు మార్చుకున్నాం. అలా కాకపోతే ప్రతిసారీ ఎవరినో బతిమాలాలి.

6. సాఫ్ట్‌వేర్‌కు ఇంకా అప్‌డేట్లు వస్తున్నాయా? ఒకప్పుడు ఎంతో పేరున్న మెజెంటో మొదటి వెర్షన్‌కు 2020 జూన్‌తో మద్దతు ఆగిపోయింది. దాని మీద కొట్టు నడిపినవాళ్ళు మారక తప్పలేదు. పాతబడిన సాఫ్ట్‌వేర్ గొళ్ళెం లేని తలుపు.

ఈ ప్రశ్నలకు జవాబులు దొరికాక ఒక పరీక్ష పెట్టండి. మీ ఇంట్లో ఉన్న అతి చవక ఫోను తీసుకుని, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట నిలబడి, మీ సైట్‌లో మీరే ఒక జత కొనండి. పేజీ ఎంతసేపటికి వచ్చింది? తెలుగు అక్షరాలు సరిగా కనబడ్డాయా? స్టాకు ఒకటి తగ్గిందా? ఆర్డరు సమాచారం మీకు వచ్చిందా? తర్వాత దాన్ని రద్దు చేసి డబ్బు వాపసు వస్తుందేమో చూడండి. బ్యాకప్ తీయడమే కాదు, ఒకసారి దాన్నుంచి సైట్‌ను తిరిగి నిలబెట్టి చూడండి.

చట్టం సంగతి

2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మేవారి పేరు, చిరునామా, సరుకు వాపసు పద్ధతి, ఫిర్యాదులు వినే వ్యక్తి వివరాలు సైట్‌లో చూపాలి. పచ్చళ్ళు, పిండివంటలు అమ్మేవారికి ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. రిజిస్ట్రేషన్ కావాలి. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే సాధారణంగా అమ్మకం చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది. మీది అందులోకి వస్తుందో లేదో మంచి అకౌంటెంటును అడగండి.

చివరగా

మేము రెండోసారి వాట్సాప్‌తో మొదలుపెట్టాం. ఏడాది తర్వాత వూకామర్స్‌కు మారాం. ఇది మా ఇంటి లెక్క. ఇంట్లో కంప్యూటర్ చూసుకునే మనిషి లేకపోతే అద్దె కొట్టే నయం. ఏది ఎంచుకున్నా మొదటి రోజే పెద్ద సదుపాయాలన్నీ కొనేయకండి.

ఇప్పుడు నాన్న ఆరె పట్టుకుని కుడుతూనే, "ఎనిమిదో నంబరు నల్లవి ఎన్ని మిగిలాయిరా?" అని అడుగుతాడు. అమ్మ ఫోను చూసి జవాబు చెబుతుంది. పాస్‌వర్డ్‌లన్నీ రాసిన పుస్తకం నా పాత హాస్టల్ ట్రంకుపెట్టెలో ఉంది. దాని తాళంచెవి అమ్మ దగ్గరే.

మీ ఇళ్ళల్లో ఉన్న పనిని చిన్నచూపు చూడకండి. చదువుకున్న మనం ఆ పనికి లెక్క రాసిపెడితే చాలు, దాని విలువ అదే తెలుస్తుంది.

ఇట్లు,
మీ సీనియర్, హాస్టల్ పూర్వ విద్యార్థి