కాంబో పనిచేస్తుందా? కార్డునే అడగండి!

గల్లీ క్రికెట్ ఆడినవాళ్లకి ఈ సీన్ కొత్తేం కాదు. వన్ పిచ్ క్యాచ్ అవుటా, కాదా అని గొడవ మొదలవుతుంది. చివరికి నెగ్గేది ఎవరి మాట? బ్యాట్ తెచ్చినవాడిదో, అందరికంటే గట్టిగా అరిచినవాడిదో!

ట్రేడింగ్ కార్డ్ గేమ్స్ ఆడే టేబుల్ దగ్గర కూడా ఇలాంటి గొడవలు మామూలే. ‘ఈ రెండు కార్డులూ కలిస్తే నేను గెలిచేసినట్టే’ అంటాడు కొత్తగా వచ్చిన కుర్రాడు. ‘అలా కుదరదు తమ్ముడూ’ అంటాడు ఏళ్ల తరబడి ఆడుతున్న సీనియర్. కుర్రాడు తలూపి కార్డులు సర్దేసుకుంటాడు. ఒక్కోసారి సీనియర్ చెప్పింది కరెక్టే. ఒక్కోసారి కుర్రాడిదే కరెక్టు, కానీ నిరూపించడం ఎలాగో అతనికి తెలియదు.

గల్లీ క్రికెట్‌కి లేనిది ఇక్కడ ఒకటుంది. గొడవ తీర్చే పుస్తకం. అది సీనియర్‌కి ఒకలా, జూనియర్‌కి ఒకలా చెప్పదు. దాన్ని ఎలా చూడాలో తెలిస్తే చాలు, ఎవరి కాంబోని వాళ్లే చెక్ చేసుకోవచ్చు. అదీ కార్డులు కొనకముందే!

300 పేజీలు... అన్నీ చదవాలా?

ఉదాహరణకి ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’నే తీసుకుందాం. గణితంలో పీహెచ్‌డీ చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ దీన్ని రూపొందిస్తే, విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 1993లో మార్కెట్లోకి తెచ్చింది. దీని పూర్తి రూల్స్ పుస్తకం సుమారు 300 పేజీలుంటుంది. కంపెనీ వెబ్‌సైట్లో ఫ్రీగా దొరుకుతుంది. కంగారు పడకండి, దాన్ని నవలలా మొదట్నుంచీ చదివేవాళ్లు తక్కువే. మేం కోడ్ రాసేటప్పుడు డాక్యుమెంటేషన్ ఎలా చూస్తామో అలా చూడాలి. అవసరమైన పేజీ తీయడం, చదవడం, మూసేయడం.

అంతకంటే ముందు చదవాల్సింది కార్డుని. చేతిలో ఉన్న కార్డు మీద అచ్చైన మాటలు పాతబడి ఉండొచ్చు. ప్రతి కార్డుకీ ఇప్పుడు చెల్లే అధికారిక పాఠం ఒకటుంటుంది. దాన్ని ఒరాకిల్ టెక్స్ట్ అంటారు. ‘గ్యాదరర్’ అనే అధికారిక డేటాబేస్‌లో కార్డు పేరు కొడితే ఫోన్లోనే కనిపిస్తుంది. చాలా కార్డులకి కిందే రూలింగ్స్ కూడా ఉంటాయి. సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

ఒకేలా కనిపించే రెండు కాంబోలు

ఇప్పుడు అసలు పరీక్ష. ‘డివోటెడ్ డ్రూయిడ్’ అనే చిన్న క్రీచర్ ఉంది. బలం 0, ఓర్పు 2. దానికి రెండు శక్తులు. ఒకటి, ట్యాప్ చేస్తే, అంటే కార్డుని పక్కకి తిప్పితే, ఒక ఆకుపచ్చ మానా ఇస్తుంది. మానా అంటే ఈ ఆటలో ఖర్చుపెట్టే కరెన్సీ. రెండోది, దాని మీద ఒక -1/-1 కౌంటర్ పెడితే మళ్లీ నిటారుగా, అంటే అన్‌ట్యాప్ అవుతుంది. కౌంటర్ పడ్డ ప్రతిసారీ బలం, ఓర్పు ఒక్కొక్కటి తగ్గుతాయి. రెండు కౌంటర్లు పడితే డ్రూయిడ్ చచ్చిపోతుంది.

మరి ఆ కౌంటర్ పడకుండా చేస్తే? ట్యాప్, అన్‌ట్యాప్, ట్యాప్, అన్‌ట్యాప్... ఎంత కావాలంటే అంత మానా! ఇక్కడే రెండు కార్డులు కళ్లముందు మెదులుతాయి. రెండూ 2017లో వచ్చినవే.

మొదటిది ‘విజియర్ ఆఫ్ రెమెడీస్’. మీ క్రీచర్ మీద -1/-1 కౌంటర్లు పడబోతుంటే, వాటిలో ఒకటి తగ్గించి పెట్టమంటుంది. రెండోది ‘సాలెమ్నిటీ’. అసలు క్రీచర్ల మీద కౌంటర్లు పెట్టడమే కుదరదంటుంది.

చూడ్డానికి రెండింటి పనీ ఒకటే, డ్రూయిడ్ మీద కౌంటర్ పడదు. కానీ విజియర్‌తో కాంబో పనిచేస్తుంది. సాలెమ్నిటీతో చేయదు!

ఎందుకలా?

కిటుకంతా డ్రూయిడ్ కార్డు మీదున్న కోలన్ గుర్తులో ఉంది. మ్యాజిక్‌లో కోలన్‌కి ఎడమ వైపున్నది ఖర్చు, కుడి వైపున్నది ఫలితం. కౌంటర్ పెట్టడం ఎడమ వైపుంది. అంటే అది శిక్ష కాదు, మీరు కట్టాల్సిన బిల్లు.

ఫుడ్ ఆర్డర్ పెట్టారనుకోండి. కూపన్ కొడితే బిల్లు సున్నా అయింది. ఆర్డర్ వస్తుందా? వస్తుంది. యాప్ లెక్కలో పేమెంట్ అయిపోయినట్టే. విజియర్ చేసేది అదే. ఒక కౌంటర్ పెట్టబోతే, ఒకటిలోంచి ఒకటి తీసేసి సున్నా చేస్తుంది. ఖర్చు కట్టేటప్పుడు జరిగే పనిని వేరే కార్డు మార్చేసినా ఖర్చు కట్టినట్టేనని ఖర్చుల గురించి చెప్పే 118వ విభాగం స్పష్టంగా అంటుంది.

ఇప్పుడు యూపీఐ సర్వర్ డౌన్ అయిందనుకోండి. అకౌంట్లో డబ్బున్నా పేమెంట్ జరగదు, ఆర్డర్ పడదు. సాలెమ్నిటీ చేసేది ఇది. కౌంటర్ పెట్టడమే కుదరనప్పుడు బిల్లు కట్టలేరు. బిల్లు కట్టలేకపోతే ఆ శక్తిని వాడే అవకాశమే లేదు. పైగా ‘చేయొచ్చు’ అని ఒక కార్డు, ‘చేయకూడదు’ అని ఇంకో కార్డు చెబితే ‘చేయకూడదు’ అన్నదే నెగ్గుతుంది. ఇది 101వ విభాగంలోని బంగారు సూత్రం.

కాబట్టి ఏ కాంబో చూసినా ముందు వాక్యం ఎలా కట్టారో గమనించండి. ‘వెన్’, ‘వెన్ఎవర్’, ‘ఎట్’ అని మొదలైతే అది ట్రిగ్గర్. సంఘటన జరిగాక స్పందిస్తుంది. ‘ఇన్‌స్టెడ్’ అనే మాట ఉంటే రీప్లేస్‌మెంట్. సంఘటన జరగకముందే దాన్ని మార్చేస్తుంది. ‘కాన్ట్’ అని ఉంటే తలుపు మూసినట్టే.

అవతలివాడు ఊరుకుంటాడా?

కాంబో పనిచేస్తుందని తేలింది. తర్వాతి ప్రశ్న, ప్రత్యర్థి ఎక్కడ అడ్డుపడగలడు?

డ్రూయిడ్ టేబుల్ మీదకి వచ్చిన టర్న్‌లోనే దాన్ని మానా కోసం ట్యాప్ చేయలేరు. మీ తర్వాతి టర్న్ దాకా ఆగాలి. ప్రత్యర్థికి దొరికే మంచి అవకాశం ఆ మధ్యలోనే.

ఆ గండం దాటితే కథ మారిపోతుంది. అన్‌ట్యాప్ చేసే శక్తి ‘స్టాక్’ మీదకి వెళ్తుంది. స్టాక్ అంటే భోజనాల దగ్గర పేర్చిన ప్లేట్ల దొంతర లాంటిది. చివర పెట్టిన ప్లేటే ముందు తీస్తారు. ప్రత్యర్థి డ్రూయిడ్ మీద ‘లైట్నింగ్ బోల్ట్’ వేశాడనుకోండి. దానిపైన మీరు ఇంకో అన్‌ట్యాప్ పెట్టొచ్చు. అదే ముందు జరుగుతుంది. డ్రూయిడ్ లేచాక ట్యాప్ చేసి మానా తీసుకోండి, మళ్లీ అన్‌ట్యాప్ పెట్టండి. బోల్ట్ అడుగునే పడి ఉంటుంది. చివరికి డ్రూయిడ్ చచ్చిపోయినా, మీరు పోగేసిన మానా ఆ ఫేజ్ ముగిసేదాకా మీ దగ్గరే ఉంటుంది.

‘అనంతం’ అంటే కుదరదు

‘ఇన్ఫినిట్ మానా’ అని అందరూ అంటారు గానీ రూల్స్ దాన్ని ఒప్పుకోవు. ఎన్నిసార్లు చేస్తారో అంకె చెప్పాలి. ప్రత్యర్థికి 20 లైఫ్ ఉంది, మీ చేతిలో ‘వాకింగ్ బలిస్టా’ ఉంది. దాని మీద ఎన్ని కౌంటర్లు కావాలో అంతకి రెట్టింపు మానా పెట్టాలి. ఒక్కో కౌంటర్ తీసి ఒక్కో పాయింట్ దెబ్బ కొట్టొచ్చు. అంటే 20 దెబ్బలకి 40 మానా. ‘ఈ లూప్ 40 సార్లు చేస్తున్నా’ అంటే చాలు. కార్డుని 40 సార్లు తిప్పక్కర్లేదు.

ఎవరూ ఆపలేని, తప్పనిసరిగా తిరిగే లూప్ అయితే ఆట డ్రా. భూములు కాకుండా బోర్డు మీద మూడు ‘ఆబ్లివియన్ రింగ్’లు మాత్రమే ఉంటే అవి ఒకదాన్నొకటి బయటికి పంపుకుంటూ, వెనక్కి తెచ్చుకుంటూ ఆగవు. గెలుద్దామని కట్టిన కాంబో ఇలా డ్రాలో తేలొచ్చు. అందుకే మీ లూప్‌ని ఆపే బటన్ మీ చేతిలో ఉందో లేదో ముందే చూసుకోండి.

రూల్స్ ఓకే అన్నా...

టోర్నమెంట్‌కి వెళ్లేముందు ఇంకో గేటు దాటాలి. ‘ఫోర్ హార్స్‌మెన్’ అనే డెక్ ఉంది. దాని కాంబో రూల్స్ ప్రకారం పక్కాగా పనిచేస్తుంది. కానీ కావాల్సిన కార్డులు ఎన్నో తిప్పుకి వస్తాయో ముందే చెప్పలేం. అంకె చెప్పలేరు కాబట్టి షార్ట్‌కట్ లేదు. ఆట ముందుకి కదలకుండా అదే పని చేస్తూ పోతే స్లో ప్లే కింద జడ్జి పెనాల్టీ వేస్తారు.

ఇక కాంబో మరీ బాగా పనిచేసినా చిక్కే. ‘స్ప్లింటర్ ట్విన్’ని మోడర్న్ ఫార్మాట్‌లో 2016 జనవరిలో నిషేధించారు. 2024 డిసెంబర్లో గానీ మళ్లీ అనుమతించలేదు. కాబట్టి డబ్బు పెట్టేముందు మీరు ఆడే ఫార్మాట్ బ్యాన్ లిస్ట్ చూడటం తప్పనిసరి.

ఇదంతా చెక్ చేసే యాప్ రాసేస్తే పోలా అని మా ఫీల్డ్‌వాళ్లకి వెంటనే అనిపిస్తుంది. కానీ అలెక్స్ చర్చిల్, స్టెల్లా బైడర్‌మ్యాన్, ఆస్టిన్ హెరిక్ 2019లో ఒక పేపర్ రాశారు. ఈ ఆట కార్డులతోనే ఒక కంప్యూటర్‌ని, అంటే ట్యూరింగ్ మెషీన్‌ని, కట్టొచ్చని అందులో చూపించారు. దాని అర్థం, ఏ బోర్డు ఇచ్చినా ఆట ఎలా ముగుస్తుందో చెప్పేసే ప్రోగ్రామ్ రాయడం అసాధ్యం. అదృష్టవశాత్తూ మన రెండు, మూడు కార్డుల కాంబోలకి అంత సీన్ లేదు. ఒక కాగితం, పది నిమిషాల ఓపిక చాలు. ఏఐ చాట్‌బాట్‌ని అడిగినా సరే, అది చెప్పిన జవాబుని ఒరాకిల్ టెక్స్ట్‌తో సరిచూసుకోండి.

అప్పటికీ తేలకపోతే? టోర్నమెంట్‌లో చెయ్యెత్తి జడ్జిని పిలవండి. అందులో మొహమాటం ఏమీ లేదు, అవతలివాళ్లని అవమానించినట్టూ కాదు. ఎదురుగా ఉన్నది ఎంత పెద్ద ప్లేయరైనా సరే, ‘అలా కుదరదు తమ్ముడూ’ అంటే కార్డులు సర్దేసుకోకండి. ‘ఏ రూల్ ప్రకారం అన్నా?’ అని మర్యాదగా అడగండి. ఆ మాట అడిగే హక్కు మొదటిరోజు ఆటకొచ్చినవాడికి కూడా ఉంది.