కాఫీ యంత్రం – కరెంటు లెక్క

అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి కోనసీమ పట్టణాలలో తెల్లవారకముందే మేల్కొనేవి కాఫీ హోటళ్లు. ఒకప్పుడు వాటి పొయ్యిలలో కొబ్బరి డొక్కలు, ఎండు మట్టలు మండేవి. నేడు పలుచోట్ల ఆ స్థానాన్ని విద్యుత్తుతో పనిచేసే కాఫీ యంత్రం ఆక్రమించింది. పొగ పోయింది, దాని వెంట నెలనెలా బిల్లు వచ్చింది. కప్పుకు రెండు మూడు రూపాయల లాభంపై బతికే చిరువ్యాపారికి ఆ బిల్లులోని మర్మం తెలియడం అత్యవసరం.

ఆవిరి ఒత్తిడితో కాఫీ తీసే యంత్రానికి ఇటలీలోని ట్యూరిన్ నగరవాసి ఏంజెలో మోరియోండో 1884లో పేటెంటు పొందాడు. 1901లో మిలాన్ నగరానికి చెందిన లుయీజి బెజ్జెరా దానిని మరింత మెరుగుపరచాడు. ఆనాటి నుండి యంత్రం ఎన్ని రూపాలు దాల్చినా దాని ప్రధాన కార్యం ఒక్కటే: నీటిని కాచడం, కాగిన నీటిని చల్లారకుండా నిలపడం. ఈ రెండు పనులకూ అయ్యే ఖర్చును వేరువేరుగా చూడాలి.

వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే విద్యుత్తును ఒక యూనిట్ అంటారు. 30 డిగ్రీల వద్దనున్న నీటిని 95 డిగ్రీలకు కాచాలంటే, ఒక యూనిట్‌తో సుమారు 13 లీటర్లు కాచవచ్చు. కప్పుకు 100 మిల్లీలీటర్ల చొప్పున అది 130 కప్పులకు సరిపోతుంది. లెక్క తేలిక కోసం యూనిట్ ధర పది రూపాయలనుకుంటే, కప్పు నీటిని కాచడానికి ఎనిమిది పైసలు కూడా కాదు. మరి బిల్లు బరువెందుకు?

యంత్రంపై 3000 వాట్లని రాసి ఉందనుకుందాం. పన్నెండు గంటలకు 36 యూనిట్లని కొందరు గుణించి బెదిరిపోతారు. అది సరికాదు. నీరు తగినంత కాగగానే లోపలి థర్మోస్టాట్ హీటరును ఆపుతుంది. చల్లబడగానే మరల వెలిగిస్తుంది. గిరాకీ లేకున్నా, వేడిని నిలుపుటకే హీటరు గంటకు పది నిమిషాలు వెలుగుతుందనుకుంటే అర యూనిట్, పన్నెండు గంటలకు ఆరు యూనిట్లు. రోజుకు 200 కప్పులు అమ్మితే నీటిని కాచడానికి ఒకటిన్నర యూనిట్ తోడై, మొత్తం ఏడున్నర యూనిట్లకు 75 రూపాయలు. కప్పుకు సుమారు 38 పైసలు. నలభై కప్పులే అమ్మితే 63 రూపాయలు. కప్పుకు రూపాయి 58 పైసలు. పాలు కాచడం ఇందులో చేర్చలేదు. అమ్మకం అయిదో వంతుకు తగ్గినా ఖర్చు ఏమంత తగ్గలేదు. భారమంతా నిరీక్షణదే!

మరల కాచడం కంటే వేడిగా ఉంచడమే చౌక అన్నది ఒక అపోహ. పది లీటర్ల నీరు పట్టే యంత్రాన్ని మధ్యాహ్నం నాలుగు గంటలు ఆపితే రెండు యూనిట్లు ఆదా. నీటితోపాటు లోహభాగాలు మరల వేడెక్కడానికి ఒక యూనిట్ పోయినా, ఇంకొకటి మిగులుతుంది. నెలకు అది 300 రూపాయలు. నీటి నాణ్యతనూ గమనించాలి. కఠినజలం వాడితే హీటరుపై సున్నపు పొర పేరుకొని, వేడి నీటికి ఆలస్యంగా చేరుతుంది. హీటరు త్వరగా చెడుతుంది. అందుచేత ఆ పొరను ఎప్పటికప్పుడు తొలగించాలి. వాణిజ్య కనెక్షనుకు యూనిట్ల ధరతోపాటు, మంజూరైన లోడునుబట్టి స్థిర రుసుము కూడా ఉంటుంది. కనుక అవసరానికి మించిన యంత్రం కొనరాదు.

తూర్పు కనుమల మన్యంలో కాఫీ పండుతుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కనుమలలోనే సీలేరు నీరు విద్యుత్తునిచ్చి, శబరి ద్వారా గోదావరిలో కలిసి, కోనసీమ పొలాలను తడుపుతుంది. నీరు ఒక్క చుక్క వృథా అయినా నొచ్చుకునే రైతు బిడ్డలు, కంటికి కనబడని కరెంటు విషయంలోనూ అంతటి పొదుపు పాటించాలి. అందుకు తొలిమెట్టు మీటరు చూసి లెక్క వేయడం నేర్చుకోవడమే.