బడి పక్కన హారన్ మోత: ‘నిశ్శబ్ద మండలం’ బోర్డుతోనే వస్తుందా?

బడి చుట్టూ వంద మీటర్లు దానంతటదే నిశ్శబ్ద మండలం అవుతుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. చట్టం అలా చెప్పడం లేదు. ఈ తేడా తెలియకపోతే మీరిచ్చే ఫిర్యాదు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవచ్చు.

ఎన్టీఆర్ జిల్లా మైలవరాన్నే తీసుకోండి. ఇబ్రహీంపట్నం నుంచి తిరువూరు మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. నూజివీడు రోడ్డు కూడా ఇక్కడే కలుస్తుంది. చప్పుడు అనగానే మామిడి లారీలు గుర్తొస్తాయి కానీ, ఆ సీజన్ రద్దీలో చాలా భాగం వేసవి సెలవుల్లోనే గడిచిపోతుంది. పిల్లలు తరగతిలో ఉండే నెలల్లో వినిపించేది బస్సులు, లారీల హారన్లు, మైకు కట్టుకుని తిరిగే ఆటోల మోత.

చప్పుడుతో చదువుకు నష్టమేంటి?

టీచర్ గొంతు గదిలోని చప్పుడు కంటే దాదాపు 15 డెసిబెల్స్ ఎక్కువగా ఉంటేనే పిల్లలకు మాటలు స్పష్టంగా అందుతాయి. అందుకే పాఠం జరిగే సమయంలో తరగతి గదిలో నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. పెద్దవాళ్లు వినపడని మాటను సందర్భాన్ని బట్టి ఊహించుకుంటారు. భాష ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు అది కష్టం. వెనక బెంచీల వారికి, వినికిడి సమస్య ఉన్నవారికి మరీ కష్టం.

దీనికి పాత రుజువే ఉంది. న్యూయార్క్‌లో ఓ బడి పక్క నుంచే రైళ్లు వెళ్లేవి. పట్టాల వైపు గదుల్లో చదివే పిల్లలు, అవతలి వైపు గదుల పిల్లల కంటే చదవడంలో వెనకబడ్డారని ఆర్లీన్ బ్రాన్జాఫ్ట్ బృందం 1975లో తేల్చింది. ఆరో తరగతికి వచ్చేసరికి ఆ తేడా ఏడాది దాకా ఉంది. తర్వాత పట్టాల కింద రబ్బరు ప్యాడ్లు, గదుల పైకప్పుకు శబ్దాన్ని పీల్చుకునే పలకలు వేశారు. మళ్లీ పరిశీలిస్తే తేడా కనిపించలేదు. అంటే లోపం పిల్లల్లో లేదు, గదిలో ఉంది.

చట్టం ఏం చెబుతోంది?

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. వీటి ప్రకారం ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు పరిమితులివి:

- నిశ్శబ్ద మండలం: 50 డెసిబెల్స్
- నివాస ప్రాంతం: 55
- వాణిజ్య ప్రాంతం: 65
- పారిశ్రామిక ప్రాంతం: 75

ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అయితే రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తేనే ఆ హోదా వర్తిస్తుందని 2017 సవరణ స్పష్టం చేసింది.

నోటిఫై చేయకపోతే బజారు వీధిలోని బడికి వాణిజ్య పరిమితే వర్తిస్తుంది. అంటే 50కి బదులు 65. అంకెల్లో తేడా 15 అయినా, శబ్ద శక్తిలో అది సుమారు 30 రెట్లు. పైగా పరిమితిని 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి దాటితేనే నిబంధనల కింద ఫిర్యాదుకు వీలుంటుంది. కాబట్టి నోటిఫై అయిన బడి దగ్గర 60కే ఫిర్యాదు చేయవచ్చు. కానిచోట 75 దాకా ఆగాలి.

మరి ‘హారన్ మోగించరాదు’ బోర్డు?

దాని పని వేరు. ఆ గుర్తు ఉన్నచోట హారన్ కొడితే మోటారు వాహనాల చట్టం 194ఎఫ్ కింద మొదటిసారి రూ.1,000, మళ్లీ చేస్తే రూ.2,000 జరిమానా. అనవసరంగా, అదేపనిగా హారన్ కొట్టినా ఇదే సెక్షన్ వర్తిస్తుంది. ఇక మైకు విషయానికొస్తే, ఎక్కడైనా సరే సంబంధిత అధికారి రాతపూర్వక అనుమతి ఉండాల్సిందే.

మీరు ఏం చేయవచ్చు?

1. మీ బడి పరిసరాలను నిశ్శబ్ద మండలంగా నోటిఫై చేశారా అని సమాచార హక్కు చట్టం కింద కలెక్టరేట్‌లో అడగండి. దరఖాస్తు రుసుము రూ.10. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

2. నోటిఫై చేయలేదని తేలితే, పాఠశాల యాజమాన్య కమిటీలో తీర్మానం చేయించండి. దాన్ని జతచేసి కలెక్టర్‌కు అర్జీ ఇవ్వండి. హారన్ నిషేధ బోర్డు కూడా అందులోనే కోరండి.

3. ఏ రోజు, ఏ గంటకు, ఎలాంటి చప్పుడు వచ్చిందో రెండు వారాలు రాసి పెట్టండి. ఫోన్ యాప్ కొలతలు అంచనాకే పనికొస్తాయి. అసలు కొలత అధికారులు సరైన మీటరుతో తీయాలి.

4. మైకు మోత అప్పటికప్పుడు ఆగాలంటే 112కు ఫోన్ చేయండి.

బడిలోనే చేయగలిగినవీ ఉన్నాయి. రోడ్డు వైపు గదులను స్టోర్ రూముకు, ఆఫీసుకు వాడి, చిన్న తరగతులను లోపలికి మార్చవచ్చు. ఒక వరుస చెట్లు చప్పుడును పెద్దగా ఆపవు. సందుల్లేని ఎత్తయిన ప్రహరీ కొంత ఆపుతుంది. గేటు ముందు స్పీడ్ బ్రేకర్ వేస్తే ప్రమాదాలు తగ్గుతాయి కానీ, లారీ ఆగి మళ్లీ కదిలేటప్పుడు ఇంజిన్ మోత పెరుగుతుంది. అందుకే దాన్ని తరగతి కిటికీలకు ఎదురుగా కాకుండా చూడమని అడగండి.

వచ్చే యాజమాన్య కమిటీ సమావేశంలో ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి: మన బడి నోటిఫై అయిందా, లేదా?