అమెరికా కేథలిక్ బడుల్లో ఫీజు సాయం

అమెరికాలో ప్రభుత్వ బడి చదువు ఉచితం. కేథలిక్ బడిలో చేరితే ఫీజు కట్టాలి. అంత ఫీజు కట్టే స్తోమత లేని కుటుంబానికి, రాబడీ ఖర్చులూ లెక్కచూసి కొంత తగ్గించడాన్ని ట్యూషన్ అసిస్టెన్స్ అంటారు. మార్కులు చూసో, ఆటలు చూసో ఇచ్చే స్కాలర్‌షిప్ వేరు. ఇక్కడ చూసేది అవసరం ఒక్కటే. ఇది అప్పు కాదు కాబట్టి తిరిగి కట్టే పని లేదు. డబ్బు సాధారణంగా తల్లిదండ్రుల చేతికి రాదు, ఫీజు బిల్లులోనే తగ్గుతుంది.

ఈ బడుల్లో ఫీజు మొదటి నుంచీ ఇంత లేదు. 1884లో బాల్టిమోర్‌లో సమావేశమైన బిషప్పులు ప్రతి విచారణలోనూ (పారిష్) గుడి పక్కన బడి ఉండాలని తీర్మానించారు. ఐర్లండ్, ఇటలీ, పోలండ్‌ల నుంచి వలస వచ్చిన కూలీల పిల్లలు వాటిలో చదువుకున్నారు. పాఠాలు చెప్పింది ఎక్కువగా మఠకన్యలు. వాళ్లకు ఇచ్చింది తిండీ బసకు సరిపడా మాత్రమే. 1960ల నడుమ ఈ బడుల్లో 50 లక్షలకు పైగా పిల్లలు ఉండేవారు. తర్వాత మఠాల్లో చేరేవారు తగ్గిపోయారు. వాళ్ల స్థానంలో వచ్చిన టీచర్లకు జీతం, ఆరోగ్య బీమా ఇవ్వాల్సి వచ్చింది. ఆ భారం ఫీజుల మీద పడింది. ఇప్పుడు చదువుతున్నది సుమారు 17 లక్షల మంది.

ఇప్పటికీ చాలా విచారణ బడుల్లో పూర్తి ఫీజు కట్టినా ఒక పిల్లవాడి చదువుకయ్యే ఖర్చు మొత్తం తీరదు. మిగతాది ఆదివారం కానుకల నుంచీ, దాతల నుంచీ, బడి జరిపే విందులూ వేలంపాటల నుంచీ వస్తుంది. అంటే పూర్తి ఫీజు కట్టే కుటుంబం కూడా ఎంతో కొంత సాయం అందుకుంటున్నట్టే. సాయం అడగడానికి ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదు.

దరఖాస్తులోని లెక్కలను చాలా బడులు స్వయంగా పరిశీలించవు. నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరం నుంచి నడిచే ఫ్యాక్ట్స్ వంటి సంస్థలకు ఆ పని అప్పగిస్తాయి. తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో ఫారం నింపి, కొద్దిపాటి రుసుము కట్టి, కాగితాలు అప్‌లోడ్ చేయాలి. సాయం మంజూరు చేసేది ఆ సంస్థేనని చాలామంది పొరబడతారు. సంస్థ లెక్కకట్టి నివేదిక పంపుతుందంతే. ఎంత ఇవ్వాలో తేల్చేది బడి కమిటీ, కొన్నిచోట్ల మేత్రాసనం (డయోసిస్).

కాగితాల్లో ముఖ్యమైనవి ఆదాయపు పన్ను రిటర్ను, అంటే ఫారం 1040, యజమాని ఇచ్చే జీతం పత్రం డబ్ల్యూ-2. పన్ను పడని, లేదా కొంతమేరకే పడే రాబడి కూడా చూపాలి: విడిపోయిన భర్త లేదా భార్య పిల్లల కోసం పంపే డబ్బు, సోషల్ సెక్యూరిటీ, ఫుడ్ స్టాంపులు. డబ్ల్యూ-2లో మొదటి గడిలో కనిపించే జీతమే అసలు జీతం అనుకోకూడదు. పదవీ విరమణ కోసం 401(కె) పొదుపులో వేసిన డబ్బును అందులోంచి ముందే తీసేస్తారు. అది 12వ గడిలో ‘డి’ అక్షరం పక్కన ఉంటుంది. లెక్కచూసేవాళ్లు దాన్ని మళ్లీ కలుపుకోవచ్చు. దుకాణమో ట్యాక్సీనో నడిపేవాళ్లు తరుగుదల కింద తగ్గించి చూపిన మొత్తం కూడా అంతే. అది చేతిలోంచి పోయిన డబ్బు కాదు గనుక రాబడిలో చేరుతుంది.

లెక్క పద్ధతి ఒక ఉదాహరణలో తెలుస్తుంది. ఫీజు ఏడాదికి 8,000 డాలర్లు అనుకుందాం. కుటుంబం 4,500 కట్టగలదని తేలితే అవసరం 3,500. బడి దగ్గర ఉన్న నిధిని బట్టి 2,000 మాత్రమే ఇవ్వవచ్చు. మిగిలిన 1,500 కోసం వాయిదాలో, మరో నిధో వెతుక్కోవాలి. అవసరమంతా తీరుతుందన్న హామీ ఎక్కడా లేదు.

చాలా బడుల్లో విచారణ సభ్యులకు ఫీజు ముందే తక్కువ. పేరు నమోదు చేసుకుని, క్రమంగా పూజకు వచ్చే కుటుంబమని విచారణ గురువు సంతకం చేయాలి. కేథలిక్కులు కానివారికీ ఈ బడుల్లో చోటుంది, పిల్లల్లో దాదాపు ఐదో వంతు వాళ్లే. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా అడగవచ్చు. అయితే ఏ నిధి ఎవరికో ముందే కనుక్కోవాలి.

ఫారంలోని అంకెలు చెప్పలేని సంగతులు కొన్ని ఉంటాయి. నిరుడు ఉన్న ఉద్యోగం ఈ ఏడు పోయి ఉండవచ్చు, ఆస్పత్రి బిల్లు నెత్తిన పడి ఉండవచ్చు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు నెలనెలా డబ్బు పంపే తెలుగువాళ్లకు దానికి ప్రత్యేకంగా గడి కనిపించకపోవచ్చు. ఇలాంటివన్నీ విడిగా లేఖలో రాసి, ఆధారం జతచేయాలి. నాలుగు సూటి వాక్యాలు చాలు. పాత రిటర్ను చూసి కమిటీ వేసే అంచనాను మార్చగలిగేది ఈ లేఖే. తల్లిదండ్రులు విడిపోయి ఉంటే చాలా బడులు ఇద్దరి వివరాలూ వేర్వేరుగా అడుగుతాయి.

బడి నిధి ఒక్కటే దారి కాదు. న్యూయార్క్‌లో 1971లో మొదలైన ఇన్నర్-సిటీ స్కాలర్‌షిప్ ఫండ్, షికాగోలో 1986లో మొదలైన బిగ్ షోల్డర్స్ ఫండ్ పేద పిల్లల కేథలిక్ చదువుకు అండగా నిలబడ్డాయి. 1996లో జెస్యూట్లు షికాగోలో తెరిచిన క్రిస్టో రే హైస్కూల్లో పిల్లలు వారానికి ఒక రోజు ఆఫీసులో పనిచేసి తమ ఫీజులో కొంత తామే సంపాదిస్తారు. ప్రభుత్వాల సొమ్మూ ఉంది. 1990లో మిల్వాకీలో వోచర్లు, అంటే ప్రైవేటు బడి ఫీజుకు ప్రభుత్వం ఇచ్చే సాయం, మొదలయ్యాయి. అవి మత సంస్థల బడులకు వెళ్లినా రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2002లో క్లీవ్‌లాండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్లోరిడా 2023లో తన ఇలాంటి పథకంలో ఆదాయ పరిమితినే ఎత్తేసింది. ఇలాంటి పథకం ఉన్న రాష్ట్రంలో ముందు దానికి దరఖాస్తు చేయడం మంచిది.

దరఖాస్తులు సాధారణంగా చలికాలంలో మొదలై వసంతంలో ముగుస్తాయి. ఏప్రిల్ గడువు దాకా పన్ను రిటర్ను వేయకుండా ఆగితే అప్పటికి నిధి చాలావరకు పంచేసి ఉండవచ్చు. జనవరిలోనే బడి ఆఫీసుకు ఫోన్ చేసి ఆఖరి తేదీ కనుక్కోవాలి. ఈ ఏడు సాయం అందుకున్న కుటుంబం కూడా వచ్చే ఏడు మళ్లీ కొత్త ఫారం నింపాల్సిందే.