కేజీ బేసిన్ మ్యాప్: గీత పైన, గ్యాస్ కింద

ఇవాళ మ్యాప్స్ గురించి మాట్లాడుకుందాం. బిర్యానీ సెంటర్‌కి దారి చూపించే మ్యాప్ కాదు, భూమి కింద ఉన్న ఆయిల్, గ్యాస్‌ని చూపించే మ్యాప్. ఉదాహరణకి దూరం వెళ్లక్కర్లేదు, మన కృష్ణా-గోదావరి బేసిన్ ఉంది. ఇక్కడ మ్యాప్ మీద ఉన్న ఒక హద్దు గీత దగ్గర మొదలైన గొడవ పదివేల కోట్ల రూపాయలు దాటిన కేసు అయింది. అది అర్థం కావాలంటే ముందు ఆ మ్యాప్‌లో ఏముంటుందో చూద్దాం.

చుక్క, గీత, పాలిగాన్

ఏ జీఐఎస్ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా బేసిక్‌గా మూడే ఆకారాలు. బావి అంటే ఒక చుక్క. పైప్‌లైన్ అంటే ఒక గీత. ఏరియా చూపించాలంటే పాలిగాన్, అంటే చుట్టూ మూసేసిన గీత. ఒక్కో దాని వెనకాల ఎక్సెల్ షీట్ లాంటి టేబుల్ ఉంటుంది: పేరు, కంపెనీ, ఏ సంవత్సరం, ఎంత ఉత్పత్తి.

తిరకాసంతా పాలిగాన్ దగ్గరే. ఆయిల్ మ్యాప్‌లో మూడు రకాల పాలిగాన్లు ఉంటాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అర్థాలు మాత్రం వేరు.

ఒకటి, బేసిన్. కోట్ల ఏళ్లుగా మట్టి, ఇసుక పొరలు పొరలుగా పేరుకున్న ప్రాంతం. కేజీ బేసిన్ కోనసీమ పొలాల కింద నుంచి బంగాళాఖాతం లోతుల దాకా ఉంది.

రెండు, బ్లాక్. ఇది ప్రభుత్వం గీసింది. "ఈ హద్దుల లోపల వెతుక్కోండి" అని కంపెనీకి ఇచ్చే ఏరియా. అంచులు ఎక్కువగా స్కేల్ పెట్టి గీసినట్టు ఉంటాయి.

మూడు, ఫీల్డ్. నిజంగా గ్యాసో, ఆయిలో దొరికిన చోటు. ఇది వంకరటింకరగా ఉంటుంది, ఎందుకంటే రాయికి మన స్కేల్ తెలీదు కదా.

మరి ఫీల్డ్ ఆకారం ఎలా తెలుస్తుంది? సైస్మిక్ సర్వే చేస్తారు. సముద్రంలో అయితే ఓడ నుంచి ఎయిర్ గన్‌తో శబ్దం పంపి, కింద పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని రికార్డ్ చేస్తారు. దాంతో లోపలి పొరల 3డీ బొమ్మ వస్తుంది. కానీ గ్యాస్ ఉందా లేదా అన్నది బావి తవ్వితేనే ఖాయం. రెండు బావుల మధ్య మ్యాప్‌లో కనిపించేది నిపుణుల అంచనా.

నిల్వ అనే నంబర్

టేబుల్‌లో "నిల్వలు" అనే కాలమ్ చూస్తే ట్యాంక్‌లో అంత ఉందనుకుంటాం. అలా కాదు. కింద మొత్తం ఎంత ఉంది, అందులో ఎంత బయటికి తీయగలం, ఇవాళ్టి ధరకి తీస్తే గిట్టుబాటవుతుందా: ఇవి మూడు వేర్వేరు లెక్కలు. నిల్వ అంటే మూడో ప్రశ్న కూడా పాసైన గ్యాస్ మాత్రమే. అందులోనూ 90 శాతం నమ్మకంతో చెప్పేది ఒక నంబర్, 50 శాతం నమ్మకంతో చెప్పేది ఇంకో నంబర్.

రిలయన్స్ కేజీ-డీ6 బ్లాకే తీసుకోండి. 2002లో గ్యాస్ దొరికింది, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్లు ప్లాన్. 2010లో 6 కోట్ల దాకా వెళ్లింది, 2013కి 2 కోట్ల కంటే కిందకి పడిపోయింది. డీ1, డీ3 ఫీల్డ్స్‌లో తీయగలిగేది 10 లక్షల కోట్ల ఘనపు అడుగులు అన్న అంచనా 3 లక్షల కోట్ల దగ్గరకి దిగింది. ఈ గ్యాస్‌ని నమ్ముకుని మన ఆంధ్రాలో కట్టిన పవర్ ప్లాంట్లు గ్యాస్ అందక ఆగిపోయాయి. మ్యాప్ మీద పాలిగాన్ మాత్రం అలాగే ఉంది.

గట్టుకి అటూ ఇటూ

ఇప్పుడు కేసు సంగతి. మన పొలం పక్కనే ఇంకొకరి పొలం. ఆయన లోతుగా బోరు వేసి రాత్రింబవళ్లు తోడితే మన బోరు ఎండిపోతుంది. ఆయన మన గట్టు దాటి రాలేదు, కానీ కింద నీళ్లకి గట్టు లేదు.

డీ6 పక్కన ఓఎన్‌జీసీ బ్లాకులు ఉన్నాయి. కింద గ్యాస్ పొర రెండు వైపులా కలిసే ఉందని ఓఎన్‌జీసీ 2014లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. డిగోలియర్ అండ్ మెక్‌నాటన్ అనే అమెరికా సంస్థ డేటా చూసి 2015లో రిపోర్ట్ ఇచ్చింది: 2009 ఏప్రిల్ నుంచి 2015 మార్చి దాకా సుమారు 1,112 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ ఓఎన్‌జీసీ వైపు నుంచి డీ6 వైపుకి వచ్చిందని. 2016లో కేంద్రం రిలయన్స్‌ని 155 కోట్ల డాలర్లు కట్టమంది. మా బ్లాక్ లోపలే తవ్వాం, కాంట్రాక్ట్ ప్రకారమే తీశాం అన్నది రిలయన్స్ వాదన. 2018లో ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ రిలయన్స్ వైపు తీర్పిచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ అవార్డుని కొట్టేసింది. విషయం సుప్రీంకోర్టుకి చేరింది.

గమనించారా? బ్లాక్ పాలిగాన్ ఎక్కడుందో అందరికీ తెలుసు, దాని మీద గొడవ లేదు. గొడవంతా ఆ గీత కింద కదిలిన గ్యాస్ ఎవరిది అన్నదాని మీదే.

మీరే ట్రై చేయాలంటే

క్యూజీఐఎస్ ఫ్రీ సాఫ్ట్‌వేర్, ల్యాప్‌టాప్‌లో వేసుకోండి. ప్రాక్టీస్‌కి నార్వే డేటా బెస్ట్. అక్కడి ప్రభుత్వ సంస్థ ఫీల్డ్స్, బావులు, పైప్‌లైన్లు అన్నీ డౌన్‌లోడ్‌కి పెట్టింది. ఫోన్‌లో అయితే నాసా వాళ్ల ఫిర్మ్స్ సైట్ తెరవండి. శాటిలైట్‌కి కనిపించిన మంటలు చుక్కలుగా వస్తాయి. గడ్డి కాల్చే మంట ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు. రోజూ ఒకే చోట చుక్క వస్తుంటే అది గ్యాస్ ఫ్లేర్ కావచ్చు, ఫ్యాక్టరీ కూడా కావచ్చు. చెక్ చేసుకోవాలి.

రెండు జాగ్రత్తలు. తాటిపాక అక్షాంశం దాదాపు 16.6, రేఖాంశం దాదాపు 81.9. జియోజేసన్ ఫైల్‌లో రేఖాంశం ముందు రాయాలి. తారుమారు చేస్తే మీ తాటిపాక ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. రెండోది, పాత సర్వే మ్యాపులు ఎవరెస్ట్ డేటమ్‌లో ఉంటాయి, ఫోన్ జీపీఎస్ డబ్ల్యూజీఎస్84లో ఉంటుంది. మార్చకుండా కలిపేస్తే మన ప్రాంతంలో చుక్క వంద మీటర్లకు పైగా జరిగిపోతుంది.

వంద మీటర్లు ఒక లెక్కా అనుకోవద్దు. 2014 జూన్ 27న కోనసీమ నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ నుంచి గ్యాస్ లీకై, తెల్లవారుజామున అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. దేశం మ్యాప్‌లో ఆ పైప్‌లైన్ సన్నటి గీత. ఊళ్లో అది ఇళ్ల పక్క నుంచి, కొబ్బరి తోటల మధ్య నుంచి వెళ్తుంది. అక్కడ ఉన్నవాళ్లకి ఆ గీత మీటర్లలో కావాలి.

మీ ఊళ్లో జేసీబీతో తవ్వించే పని ఉంటే 2023లో కేంద్రం తెచ్చిన "కాల్ బిఫోర్ యు డిగ్" యాప్‌లో ముందు నమోదు చేయండి. కింద పైప్‌లైన్, కేబుల్ ఉన్నవాళ్లకి కబురు వెళ్తుంది.

ఇకమీదట "భారీ గ్యాస్ నిల్వలు" అని రంగు పూసిన మ్యాప్ వాట్సాప్‌లో వస్తే ఫార్వర్డ్ కొట్టే ముందు మూడు అడగండి. ఇది బేసినా, బ్లాకా, ఫీల్డా? ఆ నంబర్ కింద ఉన్నదా, తీయగలిగేదా? బావి తవ్వి చెప్పారా, ఇంకా అంచనాయేనా?

మీ ఊరి దగ్గర బావి గానీ, పైప్‌లైన్ మార్కర్ స్తంభం గానీ ఉంటే కామెంట్‌లో ఊరి పేరు రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో క్యూజీఐఎస్ ఓపెన్ చేసి మొదటి మ్యాప్ కలిసి గీద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.